సర్ఫ్‌బోర్డు ఎక్కడ విరుగుతుంది?

ఒక ఘనమీటరు సముద్రపు నీరు టన్నుకు పైనే తూగుతుంది. మనిషి నిలువెత్తు అల విరిగిపడినప్పుడు అలాంటి టన్నులు ఎన్నో ఒక్కసారిగా కిందికి వస్తాయి. ఆ నీటి మీద, డెబ్బై కిలోల మనిషిని నిలబెట్టుకుని, మూడు కిలోల బరువైనా ఉందో లేదో అనిపించే ఒక పలక జారిపోతుంది. అదే సర్ఫ్‌బోర్డు. ఏళ్ల తరబడి అలల దెబ్బలు తిని కూడా అది నిలుస్తుంది. ఆ బోర్డునే మెత్తటి సంచిలో పెట్టి, జిప్పు లాగి, విమానం ఎక్కిస్తే దిగిన చోట తరచూ వేరే దృశ్యం కనబడుతుంది. ముక్కు చితికి ఉంటుంది, అంచు పగిలి ఉంటుంది, ఖర్మ కాలితే నడుముకు అడ్డంగా ఒక ముడత కూడా పడి ఉంటుంది. అల విరవని వస్తువును ఒక ప్రయాణం ఎలా విరిచింది?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు వాడుకలో ఉన్నాయి. పైన గాలి పలుచన, చలి ఎక్కువ కాబట్టి బోర్డు తట్టుకోలేదన్నది ఒకటి. విమానాశ్రయంలో సామాను గిరాటు వేస్తారు, తప్పంతా వాళ్లదేనన్నది రెండోది. మొదటిది దాదాపు పూర్తిగా తప్పు. రెండోదానిలో నిజం ఉంది కానీ అది సగమే. బోర్డుకు ప్రమాదం గంటల తరబడి సాగే ఆకాశయానంలో లేదు. నేల మీద కొన్ని క్షణాల్లో, కొద్దిపాటి చోట పడే దెబ్బలో ఉంది. ఈ సంగతి అర్థమైతే దాన్ని కాపాడడానికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. అర్థం కాకపోతే ఎంత ఖరీదైన పెట్టె కొన్నా ఫలితం ఉండదు.

శ్రీ సత్యసాయి జిల్లా బుక్కపట్నం వాళ్లకు ఈ గొడవెందుకని అడగవచ్చు. ఇక్కడి చెరువు ఎంత పెద్దదైనా దాని మీద సర్ఫింగ్ చేసేంత అల లేవదు. తూర్పు తీరానికి వెళ్లాలన్నా రెండు వందల కిలోమీటర్లు దాటాలి. అయితే పెనుకొండ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం పక్కనుంచే వెళుతుంది. హిందూపురం, ధర్మవరం పిల్లలు కాలిఫోర్నియాలోనూ ఆస్ట్రేలియాలోనూ సముద్రం ఒడ్డు నగరాల్లో కాపురాలు పెట్టారు. మన రాష్ట్రంలోనే విశాఖపట్నం రుషికొండ దగ్గర సర్ఫింగ్ నేర్పుతున్నారు. అంతకన్నా ముఖ్యం, పొడుగ్గా, తేలిగ్గా, సుకుమారంగా ఉండి విమానం ఎక్కే వస్తువు సర్ఫ్‌బోర్డు ఒక్కటే కాదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలు దేశాలు దాటి వెళ్లాయి. బొబ్బిలి వీణలు వెళుతున్నాయి. బోర్డును విరిచే సూత్రమే వాటినీ చెడగొడుతుంది, కాకపోతే ఒక్కోదాని బలహీనత ఒక్కో చోట ఉంటుంది.

లోపల ఏముంది?

హవాయి దీవుల్లో సర్ఫ్‌బోర్డు అంటే ఒకప్పుడు చెక్క పలక. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పొడవాటి చెక్కబోర్డులు కొన్ని యాభై కిలోల దాకా తూగేవి. వాటిని ఇసుక మీద ఈడ్చుకెళ్లడమే ఒక కసరత్తు, కానీ రవాణాలో విరగడమన్న భయం పెద్దగా ఉండేది కాదు. 1950ల చివర కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలీయురెథేన్ ఫోమ్‌తో బోర్డులు చేయడం మొదలుపెట్టాక కథ మారింది. ఇప్పటి ఆరడుగుల బోర్డు వెడల్పు దాదాపు యాభై సెంటీమీటర్లు, మందం ఆరు సెంటీమీటర్లు, లోపలి పరిమాణం ముప్పై లీటర్ల దరిదాపు. బరువు మాత్రం మూడు కిలోలు. అంటే అంతే పరిమాణంలో నీరు తూగే బరువులో పదో వంతు. లోపల ఉన్నదంతా చాలావరకు గాలే, ఆ గాలిని ఫోమ్ తన చిన్నచిన్న గదుల్లో బంధించి ఉంచుతుంది.

ఆ ఫోమ్ ఎంత మెత్తనిదంటే గోటితో నొక్కినా గుంట పడుతుంది. దాని మీద గాజునారతో నేసిన పలుచని బట్ట పరిచి, రెజిన్‌తో తడిపి గట్టిపరుస్తారు. ఈ పై పొర మందం దాదాపు ఒక మిల్లీమీటరు. చాలా బోర్డుల్లో నడుమ పొడవునా ఒక సన్నని చెక్క బద్ద కూడా ఉంటుంది. బోర్డు బలమంతా ఈ మూడింటి పొత్తులో ఉంది. మనిషి పైన నిలబడినప్పుడు బోర్డు కొద్దిగా వంగుతుంది. అప్పుడు ఒక వైపు పొర సాగుతుంది, రెండో వైపు పొర నొక్కుకుంటుంది. ఆ రెండు పొరలూ ఒకదానికొకటి దూరంగా, తమ తమ స్థానాల్లో ఉండేలా చూడడమే ఫోమ్ పని. పొరను లాగితే ఫైబర్‌గ్లాస్ గొప్పగా తట్టుకుంటుంది. నొక్కితే మాత్రం పలుచనిది కాబట్టి ముడత పడుతుంది. అందుకే విరిగిన బోర్డుల్లో చాలావాటికి మొదట ముడతే కనబడుతుంది, ఆ తర్వాతే పగులు వస్తుంది.

నీళ్లలో ఈ నిర్మాణానికి అనుకూలమైన పరిస్థితి ఉంటుంది. కిందనున్న నీరు బోర్డు అడుగుభాగాన్ని చాలామేర ఒకేసారి మోస్తుంది. అల కొట్టినా ఆ దెబ్బ వైశాల్యమంతా పరుచుకుంటుంది, పైగా బోర్డు నీటితో పాటు కదిలిపోతుంది. బలం ఒక్కచోట పడితే నీళ్లలోనైనా బోర్డు ఓడిపోతుంది. పాత బోర్డుల మీద మడమలు ఆనిన చోట పడే సొట్టలే దీనికి సాక్ష్యం. విమానాశ్రయంలో జరిగేది నీళ్లలో జరిగేదానికి సరిగ్గా తలకిందులు. అక్కడ సిమెంటు నేల కదలదు, ట్రాలీ ఇనుప అంచు వంగదు, పక్క పెట్టె మూల ఒక చదరపు సెంటీమీటరు చోటే వెతుక్కుంటుంది.

ఆకాశం నిర్దోషి

పైన గాలి పలుచనన్న మాట నిజమే. అయితే విమానంలో సామాను ఉంచే అర కూడా ప్రయాణికులు కూర్చునే చోటులాగే గాలి ఒత్తిడి నింపిన భాగం. విమానం 36 వేల అడుగుల మీద ఎగురుతున్నా లోపలి ఒత్తిడి 6 నుంచి 8 వేల అడుగుల ఎత్తులో ఉండేంత ఉంటుంది. ఊటీ ఎత్తు ఏడు వేల అడుగులకు పైచిలుకు. అంటే విమానంలో బోర్డు అనుభవించే పలుచదనం దాదాపు ఊటీ కొండ మీదిదే. 8 వేల అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో ముప్పాతిక వంతు. బోర్డులో చిక్కుకున్న గాలి బయటికి రాలేకపోతే, ఆ తగ్గిన పావు వంతు మేర లోపలి నుంచి పొరను నెడుతుంది. లెక్క కడితే చదరపు సెంటీమీటరుకు పావు కిలో. బోర్డంతా కలిపితే ఇది వందల కిలోలు దాటి టన్నుల్లోకి పోతుంది, వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఆ బలం ఎక్కడా గుమిగూడదు, అంగుళం అంగుళానికీ సమంగా పంచుకుపోతుంది. మంచి ఫోమ్‌ను చీల్చాలంటే చదరపు సెంటీమీటరుకు కిలోకు పైనే లాగాలి. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న బోర్డును గాలి ఒత్తిడి ఒక్కటే పాడు చేయలేదు.

ఒక మినహాయింపు ఉంది. పాలీయురెథేన్ బదులు, టీవీ పెట్టెల్లో వచ్చే తెల్లటి పాలీస్టైరీన్ రకం ఫోమ్‌తో చేసిన బోర్డుల్లో పూసకూ పూసకూ మధ్య గాలి తిరిగే సందులుంటాయి. అలాంటివాటికి తయారీదారులు చాలామంది ఒక చిన్న రంధ్రం పెడతారు. కొన్నింటిలో గాలిని పోనిచ్చి నీటిని ఆపే పొర దానికి అడ్డు ఉంటుంది, కొన్నింటిలో మర ఉంటుంది. మర ఉన్న రకమైతే విమానం ఎక్కించే ముందు వదులు చేయాలి, నీళ్లలో దిగే ముందు బిగించాలి. ఈ రెండో పని మరిచిపోతే బోర్డు నీరు తాగుతుంది. విమానం చేయని నష్టాన్ని యజమానే చేసినట్టవుతుంది.

చలి సంగతి ఇంకా చిన్నది. బయట సున్నాకు యాభై డిగ్రీలు కింద ఉన్నా సామాను అర అంత చల్లబడదు. గట్టిపడిన రెజిన్‌ను పెళుసుబార్చి పగలగొట్టేంత చలి అక్కడ ఉండదు.

అసలు వేడి కింద ఉంది

ఉష్ణోగ్రత వల్ల నష్టమే లేదనుకోకూడదు. అది పైన కాదు, కింద ఉంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ప్రాంతంలో నీడలోనే నలభై డిగ్రీలు దాటుతుంది. ఎండలో నల్లటి తారు అరవై డిగ్రీలు దాటగలదు. విమానం ఆలస్యమైతే సామాను బండి అలాంటి నేల మీద ఆగిపోతుంది. దాని మీద నల్ల సంచిలో బోర్డు ఉంటే లోపలి వేడి ఊహించుకోవచ్చు. గది వేడిమిలో గట్టిపడే ఎపాక్సీ రెజిన్లు అరవై డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడడం మొదలుపెడతాయి. పాతిక డిగ్రీల నుంచి అరవై అయిదుకు వేడెక్కిన గాలి, చోటు మారకపోతే, తన ఒత్తిడిని ఎనిమిదో వంతుకు పైనే పెంచుకుంటుంది. విడిగా చూస్తే ఇది విమానంలోని ఒత్తిడి తేడా కంటే తక్కువే. కానీ ఇక్కడ గాలి నెట్టే సమయానికే దాన్ని ఆపాల్సిన బంధం మెత్తబడి ఉంటుంది. పొర ఫోమ్‌ను వదిలి బుడగలా లేస్తుంది. ఒకసారి లేచిన చోట బోర్డు సగం బలం పోయినట్టే లెక్క, ఎందుకంటే పొరను తన స్థానంలో పట్టి ఉంచేది అక్కడ ఇంకేదీ లేదు.

వీణకూ ఇదే శత్రువు, దెబ్బ తగిలే చోటు మాత్రం వేరు. బొబ్బిలి వీణ కుండ పనస కర్రతో తొలిచినది. అది ఎండకు మెత్తబడదు. దాని 24 ఇత్తడి మెట్లను నిలబెట్టేది మాత్రం తేనెమైనం కలిపిన ముద్ద. తేనెమైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల మధ్య, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మెట్టు వెంట్రుకవాసి జరిగితే స్వరం తప్పుతుంది. పుట్టపర్తికి దశాబ్దాలుగా వాయిద్యాలతో వచ్చిపోతున్న విద్వాంసులకు ఈ సంగతి పుస్తకాలు చదవకుండానే తెలుసు. సర్ఫర్లకూ ఒక మైనం ఉంటుంది, కాలు జారకుండా బోర్డు మీద రుద్దేది. ప్రయాణానికి ముందు దాన్ని గీకేయడం మేలు. లేకపోతే అది కరిగి సంచికి, బట్టలకు, పక్కనున్న రెండో బోర్డుకు అంటుకుంటుంది.

వేడికి విరుగుడు చవక. వెండి రంగు పూత ఉన్న సంచి నల్లదానికంటే ఎంతో నయం. తలుపులు మూసిన కారు ఎండలో తారు రోడ్డుకు ఏ మాత్రం తీసిపోదు కాబట్టి దేవనహళ్లి దాకా వెళ్లే దారిలో భోజనానికి ఆగినా బోర్డును నీడలో ఉంచాలి.

మీటరు ఎత్తు నుంచి

ఇక అసలు ముద్దాయి దగ్గరికి వద్దాం. సామాను బెల్టు మీదినుంచి బండిలోకి, బండిలోంచి విమానంలోకి, మళ్లీ కిందికి చేతులు మారుతుంది. ప్రతి మార్పులోనూ కొంత ఎత్తు నుంచి పడే అవకాశం ఉంది. మీటరు ఎత్తు నుంచి పడడం పెద్ద విషయంగా తోచదు. అయితే పడుతున్న వస్తువు ఎంత ఎత్తు నుంచి వచ్చిందన్న దానికంటే ఎంత దూరంలో ఆగిందన్నదే దెబ్బను నిర్ణయిస్తుంది. వస్తువు పడుతూ కూడగట్టుకున్న శక్తినంతా ఆగే ఆ కాస్త దూరంలోనే ఖర్చు చేయాలి. దూరం తగ్గేకొద్దీ బలం పెరుగుతుంది, దూరం సగమైతే బలం రెట్టింపవుతుంది.

▪ పెట్టెలో లెక్క ▪
రెండు బోర్డులున్న పది కిలోల సంచి మీటరు ఎత్తు నుంచి ముక్కు మీద పడిందనుకోండి. ముక్కుకు రక్షణ లేకపోతే సిమెంటు మీద అది సుమారు 2 మిల్లీమీటర్లలో ఆగుతుంది. మీటరులో 2 మిల్లీమీటర్లు 500 సార్లు ఉన్నాయి. కాబట్టి ముక్కు మీద పడే సగటు బలం సంచి బరువుకు 500 రెట్లు, అంటే 5 టన్నుల బరువుతో సమానం. ఫోమ్ అంత బలాన్ని తట్టుకోలేదు, నలిగిపోతుంది. ఆ నలగడమే ఆగే దూరాన్ని పెంచి మిగతా బోర్డును కాపాడుతుంది. ఇప్పుడు ముక్కు ముందు నాలుగు సెంటీమీటర్ల మెత్త పెట్టి, అది 25 మిల్లీమీటర్ల మేర అణిగేలా చేద్దాం. బలం బరువుకు 40 రెట్లకు, అంటే 400 కిలోలకు దిగుతుంది. ఆ 400 కిలోలూ అరచేయంత మెత్త మీద పరుచుకుంటే బోర్డు బయటపడవచ్చు.

ఈ లెక్కలోనే మెత్త ఎలాంటిది కావాలో కూడా ఉంది. దిండులో దూదిలాంటి మరీ మెత్తనిది పెడితే అది దెబ్బ మొదట్లోనే పూర్తిగా అణిగిపోతుంది. ఆ తర్వాత ముక్కు నేరుగా సిమెంటునే తాకినట్టు లెక్క. మరీ గట్టిదైతే అసలు అణగదు, ఆగే దూరం ఇవ్వదు. చేత్తో గట్టిగా నొక్కితే సగానికి అణిగి, వదిలితే మళ్లీ పైకి లేచే రకం కావాలి. ఏసీ రాగి గొట్టాల మీద తొడిగే ఫోమ్ గొట్టం ఇందుకు చక్కగా సరిపోతుంది. పొడవునా చీరి ఉన్నది దొరికితే బోర్డు అంచులకు అలాగే తొడగవచ్చు. బుడగల ప్లాస్టిక్ గీతలు పడకుండా ఆపుతుంది. పది కిలోల బరువు ఒక మూల మీద పడితే దాని బుడగలు టపటపా పగిలి, ఆగే దూరం మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. దాన్నే నమ్ముకోవడం పొరపాటు.

మెత్త ఎంత మంచిదైనా లోపల బోర్డు కదిలితే ప్రయోజనం సగమే. సంచి ఆగిన తర్వాత కూడా బోర్డు కదులుతూ వెళ్లి లోపలి గోడను గుద్దుకుంటుంది. రెండు బోర్డులుంటే ఒకదాని అంచు రెండోదాన్ని కోస్తుంది. ఈ విద్యలో మనవాళ్లకు పాత గురువులున్నారు. గాజులమ్మేవాళ్లు మలారం భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేవాళ్లు. గాజుకు గాజు ఆనించి, వరసకు వరస బిగించి కట్టడం వల్ల ఏ గాజుకూ పక్కదాన్ని కొట్టేంత చోటు దక్కేది కాదు. బోర్డుల సంచి కట్టాల్సిన తీరు అదే. బోర్డుల మధ్య అట్టముక్క, చుట్టూ ఈతదుస్తులూ తువ్వాళ్లూ, ఖాళీ కనబడిన ప్రతి చోటా ఏదో ఒక మెత్తని గుడ్డ. ఊపి చూస్తే లోపల ఏదీ కదలకూడదు. అలాగని పట్టీలను పట్టుదలతో బిగిస్తే ఆ పట్టీయే ఒక సన్నని గీత మీద బలాన్ని పోగేస్తుంది. పట్టీ కిందా మెత్త ఉండాలి.

బోర్డు అడుగున ఉండే ఫిన్లు మరతో బిగించినవైతే విప్పి, విడిగా చుట్టాలి. అవి పైకి పొడుచుకుని ఉంటే సంచి మీద పడిన ప్రతి బరువూ వాటి మొదలును బోర్డులోకి దూరుస్తుంది. కొందరి బోర్డులకు ఫిన్లు అతికించి ఉంటాయి. అలాంటివాటికి ఫోమ్ దిమ్మెలో గాడి కోసి, దిమ్మె ఫిన్ కంటే ఎత్తుగా ఉండేలా పెట్టడం తప్ప వేరే దారి లేదు.

పైన పడే బరువు

దెబ్బ కాక మిగిలింది వంపు. సర్ఫ్‌బోర్డు బల్లపరుపుగా ఉండదు. ముక్కు, తోక పైకి లేచి నడుమ కిందికి దిగి ఉంటుంది. బోర్లా పడుకోబెడితే ముక్కూ తోకా మాత్రమే నేలకు ఆని, నడుమ గాలిలో ఉంటుంది. ఆ నడుమ మీద ఇరవై కిలోల పెట్టెలు రెండు పడితే బోర్డు వంగడం తప్ప ఏం చేయగలదు? నడుముకు అడ్డంగా వచ్చే ముడతకు కారణం ఎక్కువగా ఇదే. వెల్లకిలా పెట్టి, రెండు కొసల కింద ఉన్న ఖాళీని మెత్తతో నింపితే నేల మొత్తం బోర్డును మోస్తుంది, నీళ్లలో మోసినట్టు. నిలువుగా, అంచు మీద నిలబెడితే ఇంకా మేలు. ఆరు సెంటీమీటర్ల మందం వైపు వంచడం కంటే యాభై సెంటీమీటర్ల వెడల్పు వైపు వంచడం ఎన్నో రెట్లు కష్టం. రెండు బోర్డులను ఒకదానికొకటి ఆనించి కట్టినా గట్టిదనం పెరుగుతుంది. ఒక్క బోర్డు సంచి కంటే రెండు బోర్డుల సంచి భద్రమనే అనుభవజ్ఞుల మాట వెనక ఉన్నది ఈ సూత్రమే.

విమానంలో బోర్డును ఎలా ఉంచుతారన్నది మాత్రం మన చేతిలో లేదు. పెద్ద విమానాల్లో సామాను నింపే మామూలు డబ్బా, ఎల్‌డీ-3 అనేది, అడుగున సుమారు మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు ఉంటుంది. ఆరడుగుల బోర్డు దాని అడుగున సూటిగా పట్టదు, మూల నుంచి మూలకు పెట్టాల్సి వస్తుంది. తొమ్మిదడుగుల బోర్డు అలా కూడా పట్టదు, వెనక భాగంలో విడి సామాను పెట్టే చోటికి పోవాలి. బోయింగ్ 737 లాంటి విమానాల్లో మామూలుగా డబ్బాలే ఉండవు. లోపల మనిషి నిటారుగా నిలబడే ఎత్తు ఉండదు. వంగి, మోకాళ్ల మీద కూర్చుని, గడియారం వంక చూస్తూ సామాన్లను ఒకదాని మీద ఒకటి పేర్చుతారు.

గట్టి పెట్టె, స్టిక్కరు, సిబ్బంది

ఇక్కడే ఆక్షేపణలు మొదలవుతాయి. మొదటిది, ఇంత తంటా ఎందుకు, గట్టి ప్లాస్టిక్ పెట్టె కొంటే పోలేదా అని. గట్టి పెట్టె ఒక పని బాగా చేస్తుంది. పైనున్న బరువునూ, పొడిచే మూలనూ తన వైశాల్యమంతా పరుస్తుంది. కానీ పడినప్పుడు ఆగే దూరాన్ని అది ఏ మాత్రం పెంచదు. గట్టిది కాబట్టి ఠక్కున ఆగుతుంది, ఆ కుదుపు లోపలికి పోతుంది. లోపల మెత్త లేకపోతే బోర్డు పెట్టె గోడకే తగిలి పగులుతుంది. అదీకాక ఖాళీ పెట్టే ఎన్నో కిలోలు తింటుంది. చాలా విమానసంస్థలు మామూలు టికెట్‌పై ఒక సామానుకు 23 కిలోల హద్దు పెడతాయి. 32 కిలోలు దాటిన దాన్ని ఒక్క సామానుగా తీసుకోరు, ఎత్తే మనిషి నడుము గురించి పెట్టిన నియమం అది. ఆ హద్దులో పెట్టె బరువే సగం అయితే మెత్తకు చోటు మిగలదు. నా అంచనాలో, సాధారణ ప్రయాణికుడికి మంచి మెత్తతో నింపిన సంచే గట్టి పెట్టె కంటే తెలివైన ఎంపిక. పోటీలకు ఏడాదంతా తిరిగేవాళ్ల లెక్క వేరు.

రెండోది 'ఫ్రాజైల్' స్టిక్కరు. అంటించడంలో తప్పు లేదు. బెల్టు దాన్ని చదవదు, పైనున్న పెట్టె కూడా చదవదు. దానికంటే ఉపయోగపడేది సామానును ఎక్కడ ఇస్తామన్నది. పొడవైన సామాను కౌంటరు దగ్గర ఇచ్చినదాన్ని చాలాచోట్ల బెల్టుల మీద పరుగులు పెట్టించకుండా చేత్తో తీసుకెళతారు. అక్కడి వరసలో నిలబడడం కొంత ఆలస్యమే అయినా ఒకటి రెండు పతనాలు తప్పుతాయి.

సిబ్బంది అజాగ్రత్త మీద వచ్చే కోపాన్ని కొట్టిపారేయలేం. అయినా దాన్ని కూడా ఇంజినీరింగ్ ప్రశ్నగానే చూడాలి. వంగి కూర్చున్న మనిషి చేతికి పిడి దొరకని పొడవాటి, జారే సంచిని ఇస్తే అది పడుతుంది, ఆయన ఎంత మంచివాడైనా. సంచికి మధ్యలోనూ రెండు కొసల్లోనూ గట్టి పిడులుండి, బరువు ఇరవై కిలోల లోపు ఉంటే ఇద్దరు కలిసి ఎత్తుతారు, లేదా ఒక్కడే అదుపుగా దించుతాడు. ఎత్తేవాడి పని సులువు చేయడం కూడా ప్యాకింగ్‌లో భాగమే.

నిమ్మలకుంట బొమ్మలను ఇక్కడ తలుచుకోవడం అవసరం. మేకతోలుతో చేసే ఆ బొమ్మలు కొన్ని నాలుగు నుంచి ఆరడుగుల ఎత్తుంటాయి. ఈ కళకు గాను కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తోలుబొమ్మ మీటరు ఎత్తు నుంచి పడితే ఏమీ కాదు. దాని చేతులూ కాళ్లూ దారంతో కూర్చినవి కాబట్టి దెబ్బకు విరగకుండా ఊగిపోతాయి. దానికి పనికిరానిది తేమ, మడత. తేమ పీల్చిన తోలు ముడుచుకుపోతుంది, మడత పెట్టిన తోలుకు గీత నిలిచిపోతుంది. దానికి కావలసింది మందపాటి ఫోమ్ కాదు, బల్లపరుపు అట్టలూ పొడి కాగితాలూ. సర్ఫ్‌బోర్డు కోసం తయారైన సంచిలో తోలుబొమ్మను పెడితే బహుశా చెడగొట్టినట్టే. గట్టి పెట్టె ఉంటే అన్నీ భద్రమనుకునేవాళ్లు మరిచిపోయేది ఇదే. వస్తువు ఎలా చెడుతుందో తెలుసుకున్నాకే అది దేనిలో ప్రయాణించాలో నిర్ణయించాలి.

గాలికి కిరాయి

ఖర్చు ప్రశ్న ఒకటి మిగిలింది. మూడు కిలోల వస్తువుకు విమానసంస్థలూ సరుకు రవాణావాళ్లూ అంత రుసుము ఎందుకు అడుగుతారు? విమానంలో బరువు ఎంత విలువైనదో చోటూ అంతే విలువైనది. సరుకు రవాణాలో పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగించి వచ్చినదాన్ని బరువుగా లెక్కించే పద్ధతి ఉంది. బోర్డు సంచి 200 పొడవు, 60 వెడల్పు, 15 ఎత్తు అనుకుంటే లెక్కలో అది 30 కిలోలు. అసలు బరువుకు ఎన్నో రెట్లు. మనం కిరాయి కట్టేది ఫోమ్‌లోని గాలికి. ప్రయాణికుడి వెంట వచ్చే సామానుకు నియమాలు సంస్థకొక తీరుగా ఉంటాయి. చిన్న విమానాలు నడిచే మార్గాల్లో బోర్డును అసలు తీసుకోకపోవచ్చు. టికెట్ కొనేముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

మరమ్మతు సామాన్ల గురించీ ఒక మాట. పగుళ్లు పూడ్చే పాలీయెస్టర్ రెజిన్ మండే ద్రవం, దాన్ని గట్టిపరిచే రసాయనం పెరాక్సైడ్ జాతిది. విమానంలో రెండూ ప్రమాదకర సరుకులే. వాటిని బట్టల మధ్య దాచి తీసుకెళ్లడం నేరమూ ప్రమాదమూ కూడా. దిగిన ఊళ్లో కొనుక్కోవాలి.

ఇంత చూశాక, అసలు బోర్డు తీసుకెళ్లాలా అన్న ప్రశ్న న్యాయమైనదే. హవాయి ఈతగాడు డ్యూక్ కహానమోకు 1914 చివర ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు వెంట బోర్డు తీసుకెళ్లలేదు. సిడ్నీలో దొరికిన పైన్ చెక్కతో అక్కడే ఒకటి తయారు చేసుకుని ఫ్రెష్‌వాటర్ తీరంలో అలల మీద నిలబడ్డాడు. ఆ బోర్డు ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉంది. వారం రోజుల సరదాకు వెళ్లేవాళ్లకు, నేర్చుకుంటున్నవాళ్లకు ఆయన దారే మంచిది. సర్ఫింగ్ నేర్పే తీరాల్లో బోర్డులు అద్దెకు దొరుకుతాయి. తన ఒంటి బరువుకు, తన తీరుకు కొలిచి చేయించుకున్న బోర్డు ఉన్నవాళ్లూ, పోటీలకు వెళ్లేవాళ్లూ మాత్రమే ఈ శ్రమ పడాలి.

అలా పడ్డవాళ్లు చివరగా చేయవలసిన పని దిగిన చోట ఉంది. బయల్దేరే ముందు బోర్డును, కట్టిన సంచిని తేదీతో సహా ఫోటోలు తీసి ఉంచుకోండి. దిగాక విమానాశ్రయం దాటకముందే జిప్పు తీసి, ముక్కు, తోక, అంచులు, నడుమ తడిమి చూడండి. దెబ్బ కనబడితే అక్కడికక్కడే ఫిర్యాదు రాయించండి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో భారత్ 2009 నుంచి ఉంది. దాని ప్రకారం పాడైన సామానుపై ఫిర్యాదు చేతికందిన ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా చేరాలి. సామాను స్వభావంలోనే ఉన్న లోపం వల్ల చెడితే ఆ మేరకు సంస్థ బాధ్యత తప్పుతుంది, కాబట్టి ఎలా కట్టారో చూపే ఫోటోలు అప్పుడు పనికొస్తాయి. ఏడు రోజులు దాటాక వచ్చే ఫిర్యాదును, మోసం జరిగిన సందర్భంలో తప్ప, ఆ ఒప్పందం అంగీకరించదు.